గీతకి ఇరవై అడుగుల ఇవతల

బండి మళ్ళీ అక్కడే ఆగింది.

లోతువాగు వంతెన మధ్యలో పసుపు గీత ఒకటి ఉంటుంది. గీతకి ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం. పేర్లు చెప్పను. చెబితే రెండువైపుల వాళ్ళూ నాతో తగువుకొస్తారు. బండి ఆగింది గీత మీద కూడా కాదు, గీతకి ఇరవై అడుగుల ఇవతల. యాకోబు గారు రెండు కాళ్ళూ నేలకి ఆనించి, ముఖం అవతలి ఒడ్డుకేసి పెట్టి, "ఇయ్యాల కూడా ఒప్పుకోట్లేదు మేడం," అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ కోపంగా ఏదో ఒకటి అని బయటపడేదాన్ని.

యాకోబు గారికి చూపు లేదు. ఆ మోపెడ్‌ని తయారుచేసింది నేను. నా పేరు వకుళ. రేగులగూడెంలో పొగాకు కాల్చి ఆరబెట్టే పాతబడ్డ బేరన్ ఒకటి అద్దెకి తీసుకుని, చూపు లేనివాళ్ళు నడిపే బండి కోసం మూడేళ్ళుగా ప్రయోగాలు చేస్తున్నాం. బేరన్‌లో పొగాకు కాల్చడం మానేసి పదేళ్ళయినా, వాన పడితే గోడలు ఇప్పటికీ ఘాటు వాసన వేస్తాయి. మాతో పాటు బండి కూడా తుమ్ముతుందని రఫీ అంటాడు. రఫీ మా పటాలూ లెక్కలూ చూసే కుర్రవాడు. కుర్రవాడంటే నాకు కుర్రవాడే, వాడికి ముప్ఫై దాటాయి.

బండి పడిపోకుండా లోపల తిరిగే చక్రాలు చూసుకుంటాయి. అదేం పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఎడమ పిడి. మామూలు పిడి ఉండాల్సిన చోట మెత్తటి రబ్బరు చెయ్యి ఉంటుంది. నడిపే మనిషి దాన్ని పట్టుకుంటే, అది కుడికి తిప్పాలంటే కుడికి లాగుతుంది, గుంట వస్తుంటే నొక్కుతుంది, గేదె అడ్డం వస్తే వెనక్కి పట్టి బండిని ఆపుతుంది. కెమెరాకి గుంట కనబడుతుంది కానీ, గుంట గురించి మనిషికి ఎలా చెప్పాలో దానికి తెలియదు. అది మనిషి దగ్గరే నేర్చుకోవాలి. అందుకని ఒక మనిషి చేతికి తొడుగు వేసి, చూపు లేని మనిషిని చెయ్యి పట్టుకుని రోజూ ఒకే దారిన నడిపిస్తే, ఆ లాగడాలూ నొక్కడాలూ తొడుగులోంచి బండిలోకి వెళతాయి. మిగతా దారుల్లో గుంటలు గుంటలే కాబట్టి బండి అక్కడికక్కడ సర్దుకుంటుంది. నేర్చుకున్న దారిని మాత్రం అడుగడుగూ గుర్తుపెట్టుకుంటుంది.

ఆ నేర్పిన చెయ్యి నాదే. బేరన్ నుంచి వంతెన అవతలి చివరి దాకా మూడు కిలోమీటర్లు, ఆరు నెలలు, రోజూ పొద్దున్నే. నా కుడి చేతిలో ఆయన ఎడమ చెయ్యి.

అసలు తంటా అంతా చట్టాలతో వచ్చింది. బండ్ల చట్టాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకోవచ్చని పైవాళ్ళు వదిలేశాక, మోపెడ్ అనే నోరులేని ప్రాణి పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఒక రాష్ట్రంలో పదహారేళ్ళు నిండితే చాలు, లైసెన్సు అడగరు. దాని పక్కదానిలో పద్దెనిమిది నిండి, పరీక్ష పాసై, హెల్మెట్ మీద పేరు రాయించుకోవాలి. ఒకచోట పెడల్ లేకపోతే అది మోపెడ్ కాదు, స్కూటరు. ఇంకోచోట పెడల్ ఉంటే పెద్దరోడ్డెక్కకూడదు. ఒక రాష్ట్రం వెనక సీటు పీకించింది. మాకు డబ్బిచ్చిన సంస్థ ఒకటే షరతు పెట్టింది: ఏ రాష్ట్రంలోకి వెళితే ఆ రాష్ట్రం చట్టాన్ని బండి తనంతట తాను పాటించాలి, పాటించలేకపోతే ఆగిపోవాలి. అలా చట్టం పెట్టె పుట్టింది. సీటు కింద సబ్బుబిళ్ళంత ఉంటుంది. అదీ నేనే చేశాను. అందుకు నాకు శాలువా కూడా కప్పారు.

లోతువాగుకి ఇవతలి చట్టం మా బండిని చేతికర్ర కింద లెక్కేసింది. చూపు లేనివాళ్ళు నిక్షేపంగా నడపొచ్చు. అవతలి చట్టం దాన్ని బండి కిందే లెక్కేసింది. నడిపేవాడు ఇరవై గజాల దూరంలో నంబరు ప్లేటు చదవగలగాలి. యాకోబు గారు చదవలేరు. కాబట్టి వంతెన మధ్యలో బండి ఆగిపోవాలి. అలా ఆగేలా రాసింది నేనే, శాలువా పడింది అందుకే.

ఆయనకి గీత దాటాల్సిన పని ఉంది. అది తెలిసే నేను ఆయన్ని ప్రయోగానికి తీసుకున్నాను.

యాకోబు గారు ఒకప్పుడు మోపెడ్ మీద చేపలమ్మేవారు. వెనకాల ఐసు పెట్టె, ముందు తక్కెడ, రెండు రాష్ట్రాల్లో కలిపి పదకొండు ఊళ్ళు. శీలావతి చేపని తోకపట్టి ఎత్తితే ఎన్ని గ్రాములో చెప్పేస్తారు, ఇప్పటికీ చెబుతారు. సాయంత్రం అమ్మకం అయ్యాక భార్య రాహేలుని ఆవిడ పనిచేసే అంగన్‌వాడీ దగ్గర ఎక్కించుకుని ఇంటికి వచ్చేవారు. చేపల కంపు మీద రాహేలు రోజూ తిట్టేదట, రోజూ ఎక్కేదట. షుగరు ముదిరి నలభై రెండో ఏట చూపు పోయింది. ఒక ఆదివారం రాహేలు చెయ్యి పట్టుకుని చర్చి మెట్లు ఎక్కిస్తుంటే, ఆయన నలుగురి ముందూ ఆ చెయ్యి విదిలించుకున్నారు. "నీ చెయ్యి పట్టుకుని తిరిగే బతుకు నాకొద్దు" అన్నారు. ఆ వారమే రాహేలు వాగు అవతల జీడిగూడెంలో ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి చేరింది. అక్కడే గది ఇచ్చారు.

"బండి మీద నేనే వచ్చి నిన్ను తీసుకెళ్తా. అప్పటిదాకా నువ్వు రావద్దు, నేను రాను" అని ఈయన ఫోన్లో అన్నారు. ఆవిడ సరే అంది. ఇది జరిగి నాలుగేళ్ళు. వంతెన నుంచి జీడిగూడెం ఆరు కిలోమీటర్లు. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు. అంతే వాళ్ళ కాపురం.

ఆటోలో వెళ్ళొచ్చు కదా అని నేను మొదట్లో అడిగాను. "సామాన్లు ఆటోలో పోతాయి మేడం," అన్నారాయన.

గీత దాటే దారి రఫీ కనిపెట్టాడు. అవతలి చట్టాన్ని నాలుగుసార్లు చదివి, ఐదోసారి గంతులేసుకుంటూ వచ్చాడు. ఇంజను ఆపి కాళ్ళతో తొక్కుతున్నంతసేపు పెడల్ ఉన్న బండి సైకిలే అని అందులో ఒక మూల రాసి ఉంది. సైకిలుకి ఆ చట్టం వర్తించదు. సైకిలు తొక్కేవాడికి చూపుండాలని ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరికీ తోచలేదేమో. వెంటనే పెడల్స్ బిగించాం, పెట్టెలో ఆ మాట ఎక్కించాం. గీత రాగానే ఇంజను ఆగుతుంది, రబ్బరు చెయ్యి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఆరు కిలోమీటర్లు తొక్కాలి.

"అరవై అయినా తొక్కుతా," అన్నారు యాకోబు గారు. ఆ రోజు ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. ఆ చొక్కాతోనే గీతకి ఇరవై అడుగుల ఇవతల ఆగిపోయారు. మర్నాడూ అంతే. ఇవాళ మూడో రోజు.

పటం తప్పయి ఉంటుందన్నాడు రఫీ. వాగు దారి మార్చుకుందనీ, హద్దు పాత సర్వే ప్రకారం ఇవతలికి జరిగి ఉంటుందనీ లెక్క తీశాడు. నేనూ నమ్మాను. ఆ మధ్యాహ్నమంతా పెట్టె విప్పి కూర్చున్నాం. మూడింటికి రఫీ తెర నావైపు తిప్పాడు.

"మేడం, పెట్టె ఏమీ చెయ్యలేదు. గీత ఇంకా రాలేదనే చెప్తోంది. ఆపింది చెయ్యి."

"గేదె ఏమన్నా అడ్డమొచ్చిందా?"

"మూడు రోజులూ ఒకే చోట గేదె రాదు కదా. నేర్చుకున్న దాంట్లోనే ఉంది. మన తొడుగులోనే."

నూట డెబ్బై నడకలు తెర మీద ఒకదాని కింద ఒకటి గీతలుగా ఉన్నాయి. మొదటి నెలలో వంతెన దగ్గర గీత తిన్నగా పోయింది. రెండో నెలలో ఆ ఇరవై అడుగుల దగ్గర చిన్న ఒంపు. నా చెయ్యి అక్కడ అరక్షణం వెనక్కి లాగింది. మూడో నెలలో ఒంపు పెరిగింది. ఐదో నెలలో వేళ్ళు బిగుసుకున్నాయి. ఆరో నెలలో అడుగు పూర్తిగా ఆగి, మళ్ళీ కదిలింది. రెండో నెల నుంచి ఒక్కరోజు కూడా మినహాయింపు లేదు. నాకు మాత్రం ఆగినట్టు ఒక్కరోజు కూడా గుర్తులేదు.

రఫీ టీ తెస్తానని లేచి వెళ్ళి గంట దాకా రాలేదు. మంచివాడు.

నాకు నలభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, తీరలేదని చెబుతుంటాను. పొద్దున్నే ఆరింటికి ఆయన పామాయిల్ తోట గట్టు మీద కూర్చుని ఉండేవారు. నా చెప్పుల చప్పుడు విని లేచి చెయ్యి చాపేవారు. దారంతా ఏదో ఒకటి చెబుతుండేవారు. కొర్రమేను ఎండాకాలంలో బురదలో ఎలా బతుకుతుందో, ఏ ఊళ్ళో ఎవరు తలకాయలు మాత్రమే కొంటారో, రాహేలు పులుసులో చింతపండు ఎప్పుడు పిండుతుందో. రాహేలు పేరు వంతెన దగ్గరపడేకొద్దీ ఎక్కువగా వచ్చేది. నేను ఊకొట్టేదాన్ని. ఊకొడుతున్నది నా నోరు, నా చెయ్యి మాత్రం ఇంకేదో చెబుతోంది. దాన్ని బండి పొల్లుపోకుండా నేర్చుకుంది. నాకు ఆయన కావాలనిపించింది, అదీ సంగతి. సిగ్గుపడి ప్రయోజనం లేదు, నూట డెబ్బై గీతల్లో అచ్చయి ఉంది.

మర్నాడు మళ్ళీ తొడుగు వేసుకున్నాను. ఆయనతో, "ఇంకోసారి నేర్పాలండి," అన్నాను. ఈసారి వంతెన ఎక్కగానే మనసంతా చేతిలో పెట్టుకుని, ఆగకూడదు, ఆగకూడదు అనుకుంటూ నడిచాను. బేరన్‌కి వచ్చి చూస్తే ఒంపు రెట్టింపయింది.

ఇక చెయ్యాల్సింది ఒకటే మిగిలింది. జీడిగూడెం వెళ్ళాను.

హాస్టలు వంటగది వెనక అరుగు మీద రాహేలు చేటలో బియ్యం ఏరుతోంది. పిల్లలు బడికి వెళ్ళారు. పొట్టిగా, గట్టిగా ఉంది. కొంగు బొడ్లో దోపుకుని ఉంది. నేను పేరు చెప్పగానే చేట పక్కన పెట్టకుండానే జరిగి చోటిచ్చింది.

"మీరేనా. ఆదివారం ఆదివారం మీ బండి కబుర్లే. ఎప్పటికి తయారవుద్ది?"

నేను బండి గురించి చెప్పాను. రబ్బరు చెయ్యి గురించి చెప్పాను. ఆవిడ వేళ్ళు బియ్యంలో ఆగాయి.

"అంటే ఆ చెయ్యి ఎవరిది?"

"నాదే."

"ఎన్నాళ్ళు నడిపించారు?"

"ఆరు నెలలు. రోజూ."

ఆవిడ ఒక రాయి ఏరి అవతల పారేసింది. ఇంకోటి వెతికింది, దొరకలేదు.

"పాతికేళ్ళు కాపురం చేసిన చెయ్యి నాది. చర్చి మెట్ల మీద విదిలించుకున్నాడు. మీది మాత్రం ఆరు నెలలు పట్టుకున్నాడా?"

"పనికోసం పట్టుకున్నారండీ. మీ దగ్గరికి రావాలనే."

"ఆయన పనికోసమే పట్టుకుని ఉంటాడు. నాకు తెలుసు ఆయన సంగతి." నా ముఖంలోకి చూసింది. "ఇంతకీ బండి ఎందుకాగింది?"

"చట్టం వల్ల కాదు. నా చెయ్యే ఆపింది. గీతకి ముందు."

ఆవిడ చేట పక్కన పెట్టి నన్ను చూసింది. నేను తల దించుకోలేదు, దించుకుంటే అబద్ధం చెప్పినట్టయ్యేది. అవతల గిన్నెలు తోమేచోట కాకులు మెతుకుల కోసం కొట్టుకుంటున్నాయి.

"అన్నం తిన్నారా?" అంది.

లేదన్నాను. పప్పు, వంకాయ కూర, పలచటి మజ్జిగ పెట్టింది. మారు వడ్డించింది. చెయ్యి కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ అడిగింది.

"ఆ తొడుగు నా చేతికి పడుద్దా?"

"పడుతుందండీ."

"ఆయనకి చెప్పమాకండి. చెప్తే మళ్ళీ విదిలించుకుంటాడు."

గురువారం యాకోబు గారు షుగరు పరీక్షకి పట్నం వెళ్ళారు. ఆ పొద్దున రాహేలు ఆటోలో వచ్చింది. దారి బండికి ఇప్పటికే వచ్చు కాబట్టి, చెయ్యి మార్చడానికి ఒక్క నడక చాలు. నేర్పించాలంటే మాత్రం చూపు లేని మనిషి కావాలి. రఫీ సిద్ధపడ్డాడు. వద్దన్నాను. నా కళ్ళకి నేనే గంతలు కట్టుకుని, ఎడమ చెయ్యి చాపాను.

తొడుగు లోంచి కూడా ఆ అరచెయ్యి గరుకు తెలిసింది. నేనైతే గుంట వస్తే ఒక్కసారి నొక్కేదాన్ని. ఆవిడ బొటనవేలితో రెండుసార్లు తట్టేది, వచ్చింది చూసుకో, అన్నట్టు. మలుపుల్లో నన్ను లాగలేదు, తన భుజం నాకు ఆనించింది. పామాయిల్ గెలల లారీ పోతుంటే పక్కకి తీసుకుని నిలబెట్టి, దుమ్ము తగ్గేదాకా నా వేళ్ళు అలాగే పట్టుకుంది. ఇన్నాళ్ళూ నేను ఆయన్ని నడిపించానని అనుకున్నాను. నడిపించడమంటే ఇది అని ఆ మూడు కిలోమీటర్లలో తెలిసింది.

వంతెన ఎక్కినట్టు గాలిని బట్టి తెలిసింది. నా చెయ్యి నాకు తెలియకుండానే బిగుసుకుంది. ఆవిడది బిగుసుకోలేదు. వడి పెరిగింది. ఒక అడుగు, రెండడుగులు, ఆ తర్వాత ఇంచుమించు పరుగు. గీత ఎక్కడ దాటామో కూడా నాకు తెలియలేదు. అవతలి చివర ఆగి ఆవిడ రొప్పుతూ, "ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ ఇంతే. కాళ్ళు ఆగవు. ఆయన చేపల బండి బూర ఇక్కడి నుంచే వినపడేది," అంది.

నేను గంతల కింద ఏడుస్తున్నాను. పైకి ఎవరికీ కనబడదు, గంతలతో అదొక సుఖం. ఆవిడకి కనబడిందేమో తెలియదు. తొడుగు తీసి నా చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

బేరన్‌లో రఫీ రెండు వరసల గీతలూ పక్కపక్కన పెట్టాడు.

"ఆ ఇరవై అడుగులు మాత్రం ఆవిడవి అతికించొచ్చు మేడం. ఇవతల దారంతా మీదే ఉంచొచ్చు. మీది బానే ఉంది కదా."

రెండు రోజులు జవాబు చెప్పలేదు. ఉంచమని నోటిదాకా వచ్చింది. రోజూ మూడు కిలోమీటర్లు, ఆయన బతికినన్నాళ్ళు, నా చెయ్యి ఆయన చేతిలో ఉంటుంది. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ, "మొత్తం మార్చెయ్యి," అని రఫీకి ఫోన్ చేశాను. ఆలోచించడానికి వ్యవధి ఇస్తే నేను మంచిదాన్ని కాను.

ఆదివారం చర్చి అయ్యాక యాకోబు గారు అదే చొక్కాతో వచ్చారు. బండెక్కారు. ఎడమ చెయ్యి పిడి మీద వేశారు. బేరన్ గేటు బయట మొదటి గుంట దగ్గర ఆయన భుజాలు కదలడం వెనక రఫీ స్కూటరు మీద ఉన్న నాకు కనబడింది. ఆగుతారేమో అనుకున్నాను. ఆగలేదు. మూడు కిలోమీటర్లూ ఒక్క మాట మాట్లాడలేదు. రోజూ కొర్రమేనుల గురించి చెప్పే మనిషి.

వంతెన మీద ఇరవై అడుగుల దగ్గర బండి ఆగలేదు. ఇంకా ముందుకి ఉరికింది. పసుపు గీత దగ్గర ఇంజను ఆగింది. ఆయన కాళ్ళు కిందపెట్టి నిలబడ్డారు. చెయ్యి పిడి మీదే ఉంది. నేను స్కూటరు దిగి దగ్గరికి వెళ్ళాను.

"ఇది రాహేలు చెయ్యి," అన్నారు.

"అవునండి."

"ఎప్పుడొచ్చింది?"

"గురువారం. మీకు చెప్పొద్దంది. వద్దంటే ఇప్పుడే తీయించేస్తాను."

వాగులో నీళ్ళు పెద్దగా లేవు, బట్టలుతికేవాళ్ళ మాటలు కింద నుంచి వినబడుతున్నాయి. విదిలించుకుంటారని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, ఆశపడ్డాను కూడా.

"ఉంచండి," అన్నారు. కుడి కాలు పెడల్ మీద పెట్టారు. "ముందున్న చెయ్యి కూడా మంచిదే మేడం. ఇక్కడికొచ్చేసరికి దిగులు పడేది, అంతే. నాకు నడిచేటప్పుడే తెలిసింది. ఏమనాలో తెలవక ఊరుకున్నా."

ఆయన తొక్కడం మొదలుపెట్టారు. గీత దాటారు. చట్టం పెట్టె మీద సైకిలు అని పచ్చదీపం వెలిగింది. కొత్త చొక్కా వీపు మీద చెమట మరక పడుతుండగా జీడిమామిడి తోటల మలుపు తిరిగారు.

వంతెన గోడ దగ్గరే ఉండిపోయాను. చేతిలో ట్యాబ్ ఉంది. బండి ఎంత దూరం పోయిందీ, రబ్బరు చేతి మీద ఆయన పట్టు ఎంత ఉందీ అందులో కనబడుతుంది. దూరం పెరిగింది. పట్టు ఒక్కసారి కూడా సడలలేదు. ఎత్తు దగ్గర గట్టిగా, పల్లం దగ్గర ఇంకా గట్టిగా. నలభై నిమిషాలయ్యాక హాస్టలు గేటు ముందు బండి ఆగింది.

ఒక నిమిషం తర్వాత పట్టు సున్నాకి పడింది. అలాగే ఉంది, మళ్ళీ పెరగలేదు.

ఆయన చెయ్యి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. నా కుడి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఎండకి కాలుతున్న వంతెన గోడ మీద ఆనించి నిలబడ్డాను.